అంగుళం నీళ్లు

నాగావళి మా ఇంటికి రాలేదు.
వచ్చింది వీధి మురుగే,
నాగావళి పేరు చెప్పుకుని.
పైన రాయగడలో వాన, తోటపల్లి దగ్గర గేట్లు,
కింద శ్రీకాకుళంలో మా సందు కాలవ
వెనక్కి నడవడం నేర్చుకుంది.

రోడ్డు మూడుసార్లు వేశారు.
వేసినప్పుడల్లా జానెడు ఎత్తు పెంచారు.
ఇల్లు ఉన్నచోటు నుంచి కదలకుండానే
గోతిలోకి దిగిపోయింది.

తెల్లారి టేపు పెట్టి కొలిచాను.
పద్దెనిమిది అంగుళాలు.
నిండు చేతుల జాకెట్టుకి చెయ్యి పొడుగంత.
మిషను బల్ల మీదికెక్కించాం సరే,
పెళ్లివారి జాకెట్లు, పదకొండు,
మూటకట్టి మంచం కింద పెట్టిన సంగతి మర్చిపోయాను.
ఎరుపు దిగి, గదిలో ఆ మూల నీళ్లు
దానిమ్మ పిండినట్టున్నాయి.

పది గంటలకి తవుడొచ్చాడు.
మోపెడ్ మీద కాళ్ల మధ్య పంపు, వెనక పైపు చుట్ట.
గంటకి రెండొందల యాభై.
"ఇది మునిగి పన్జేసీదమ్మా.
నీల్లల్లో ఉన్నంతసేపే సల్లగుంటాది.
తేలిందంటే మాడిపోద్ది."
వైరు పట్టుకుని దించబోతే
నా చేతిమీద కొట్టినంత పని చేశాడు.
"వైరు కరెంటుకి. బరువుకి తాడు."
చిల్లుల బకెట్టులో దాన్ని కూచోబెట్టి
దోమతెర ముక్క చుట్టి,
అందరం తడి దాటి అరుగెక్కాకే స్విచ్చేశాడు.

మొదట దగ్గింది.
చప్పిడిగా పడున్న పైపు ఒళ్లు విరుచుకుంది.
నీళ్లు వీధి దాటి
ఆదిలచ్చి గుమ్మంలో పడ్డాయి.

ఆదిలచ్చీ పంపు తెచ్చుకుంది, ఎవరి దగ్గరో.
ఆమె పైపు మూతి మా వైపు.
అరగంటసేపు అవే నీళ్లు
ఇద్దరి డబ్బులతో
వీధికి అటూ ఇటూ తిరిగాయి.
"నీ ఇంటి నీల్లు నా కొంపలోకి తోలతావేటి?"
"ఇవి నీవి కావేటి?"
నీళ్ల మీద ఎవరి పేరూ రాసి లేదు,
ఆమె గడపలో నా ఎరుపు తప్ప.

అది చూసి ఆమే ముందు ఆగింది.
"మా సెల్లి కోడలి జాకెట్లేటే అవి?"
నేను మాట్లాడలేదు.

తర్వాత రెండు పైపులూ కలిపాం.
అతుకు దగ్గర సైకిల్ ట్యూబు కోసి బిగించాడు తవుడు.
అప్పటికి కాలవ కొంచెం తగ్గి, ముందుకే పోతోంది.
సందు చివరిదాకా అందింది పైపు.
ముందు వాళ్లిల్లు. బాలింత ఉంది.

మా వంతొచ్చేసరికి నాలుగైంది.
దోమతెరకి అంటుకున్నవి ఒక్కోటీ తీసి
అరుగు మీద ఆరబెట్టాడు తవుడు.
హుక్కులు, దారపుండ, వెంట్రుకలు,
కొలతలు రాసుకున్న చీటీ ఒకటి.
పేరు కరిగిపోయింది, అంకెలు మిగిలాయి.
ముప్ఫైనాలుగు. పదిహేను. ఆరున్నర.
ఎవరి ఒళ్లో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

చీకటి పడుతుంటే పంపు గొంతు మారింది.
వీధిలో చుట్ట కాల్చుకుంటూనే విన్నాడతను.
"ఆపీయండి. గాలి తాగతంది."
లోపల ఇంకా అంగుళం ఉంది.
"అంతే. ఏ పంపైనా అడుగునింత ఒగ్గేస్తాది.
ఇంక సేటా, గోనిపట్టా, మీ నడుమూ."

నాకు నవ్వొచ్చింది. అతనికి చెప్పలేదు.
ఇరవయ్యేళ్లుగా ప్రతి జాకెట్టుకీ
పక్క కుట్టు లోపల అంగుళం నేనూ వదుల్తున్నాను,
ఒళ్లు చేస్తే విప్పుకుంటారని.
దానికి డబ్బడగను.
చాలామందికి అది ఉందనే తెలీదు.

గోనెపట్టా మూడోసారి పిండుతుంటే
ఆదిలచ్చి చేట పట్టుకుని వచ్చింది.
"ఎన్ని పోనాయి?"
"ఏడు."
"మంగలారం పెల్లి," అంది,
చేటతో నీళ్లెత్తి బయటికి పోసింది.
మళ్లీ ఎత్తింది.

నీరెక్కిన మట్టు గుర్తుండాలని
సుద్దబిళ్లతో గోడమీద గీత గీయబోయాను.
తడికి పట్టలేదు.
ఆరాక గీస్తానన్నాను.
"ఆరతాదేటి ఇప్పట్లో?"
అంది ఆదిలచ్చి, వంగినదల్లా లేవకుండానే.